తీతువు కంటి ఎత్తులో

మా చిన్నమామయ్య కొలతల ఆఫీసులో పనిచేసేవాడు. రోడ్డు వేయాలన్నా కాలువ తవ్వాలన్నా, ముందుగా వెళ్లి నేల ఎక్కడ మిట్టగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో చూసి రాసుకురావడం ఆయన పని. మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి లాంటి యంత్రం బిగించి, దూరాన ఒకడు నిలబెట్టిన కొలకర్ర మీది అంకెను అందులోంచి చదవాలి. ఆ యంత్రాన్ని లెవెలు అంటారు. అందుకే వీధివాళ్లకు ఆయన లెవెలుగారు, మాకు లెవెలు మామయ్య. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగినా ఆయనకు ముద్ద దిగేది కాదు. పెళ్లయిన కొత్తలో అత్తయ్య కావాలనే ఒక పటాన్ని పక్కకు లాగి, ఎంతసేపు ఓర్చుకుంటాడో చూద్దామని గడియారం ముందు కూర్చునేదట. నాలుగు నిమిషాలకు మించి ఎప్పుడూ ఆగలేదని చెప్పేది.

యాభై ఒకటో ఏట ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. కొన్నాళ్లకు అరచెయ్యంతా అందుకుంది. ఎవరికీ చెప్పలేదు, అత్తయ్యకు కూడా. చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. టీ గ్లాసు ఎడమచేతికి మారింది. లెవెలు యంత్రంలో చిన్న నీటిబుడగ ఉంటుంది, మరలు సన్నగా తిప్పుతూ దాన్ని నడిమధ్యకు తేవాలి. ఇదివరకు రెండు నిమిషాల్లో అయ్యే పని ఇప్పుడు పావుగంట పట్టేది. వెంట ఉన్నవాళ్లు మొహాలు చూసుకునేవారు.

మరుసటి వేసవిలో దర్జీల సందులో మురుగు తూము కోసం కొలతలు తీశాడు. బుడగ ఇంకా మధ్యకు రాలేదు. వెనక నలుగురూ చూస్తున్నారని, వచ్చినట్టే అనుకుని అంకె చదివేశాడు. తూమును ఉండాల్సినదానికి జానెడు ఎత్తున కట్టేశారు. తొలివానకే నీళ్లు ఎదురుతన్ని సందులోకి వచ్చాయి. ఒక ఇంటి వెనక గోడ నానిపోయి కూలింది. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే దర్జీ ఆవిడకు కాలు రెండుచోట్ల విరిగింది.

తప్పు ఎవరిదో తేలలేదు. కాంట్రాక్టరు మేస్త్రీని అన్నాడు, మేస్త్రీ సిమెంటును అన్నాడు. మామయ్య తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. పదో రోజు పొద్దున పై అధికారి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. దాని నకలు నేను చూశాను. అందులో ఉన్నవి మూడే మాటలు: కొలత తప్పింది నా వల్ల, నా చెయ్యి వణుకుతోంది, ఏడాదిగా దాచాను. ఆ రాత చూస్తేనే ఆయన చెయ్యి సంగతి ఎవరికైనా అర్థమయ్యేది.

ఆయన్ని రికార్డు గదికి మార్చారు. తూము పగలగొట్టి మళ్లీ కట్టారు. మామయ్య మాత్రం తర్వాత ఐదేళ్లు ఆ సందు ముఖం చూడలేదు. మార్కెట్టుకు దగ్గర దారి అదే అయినా, సంచీ మోసుకుంటూ ఊరంతా చుట్టి వచ్చేవాడు.

రికార్డు గదిలో ఉండగా తోటి గుమాస్తా ఒకాయన రిటైరవుతూ తన పాత కెమెరానూ పొడుగు లెన్సునూ ఆయన చేతిలో పెట్టి వెళ్లాడు. ఆదివారం తెల్లవారగానే మామయ్య ఊరి చివర రాళ్లనేలకు వెళ్లేవాడు, తీతువు పిట్టల కోసం. అవి గూడు కట్టవు. గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి, గుడ్లేవో రాళ్లేవో తెలియదు. కొలతలకు తిరిగిన రోజుల్లో అవి నెత్తి మీద గిరికీలు కొడుతూ తిట్టిపోసేవని, కాలు ఎక్కడ వేస్తున్నామో చూసుకుని నడవడం వాటి దగ్గరే నేర్చుకున్నానని చెప్పేవాడు. కానీ తీసిన ఫోటోలన్నీ అలికేసినట్టు వచ్చేవి. అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే అత్తయ్య ఒక్కొక్కటే వెలుగులో పట్టుకుని చూసి, ఇది పిట్టా పొగా అని అడిగేది.

చెయ్యి ఆగదు కాబట్టి కెమెరాకు స్టాండు కావాలి. నన్ను వెంటబెట్టుకుని కెమెరా షాపుకు వెళ్లాడు. షాపతను ఒక ట్రైపాడ్ తీసి, కాళ్లు సాగదీసి, నడిమి కడ్డీ కూడా పైకెత్తి, మనిషిని మించిన ఎత్తుకు తీసుకెళ్లాడు. మామయ్య అంతా చూసి, "అది ఎంత పైకి లేస్తుందో కాదు బాబూ, ఎంత కిందికి దిగుతుందో చెప్పు," అన్నాడు.

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. కాళ్లు ముడిచి, కడ్డీ దించి చూశాడు. కడ్డీ కొస నేలకు తగిలి, స్టాండు మోకాలి ఎత్తున ఆగిపోయింది. మామయ్య షాపులోనే బోర్లా పడుకుని దాని వైపు చూశాడు. వచ్చిపోయేవాళ్లు ఆయన్ని దాటుకుంటూ నడిచారు. లేచి చొక్కా దులుపుకుని, ఇంత ఎత్తు నుంచి తీస్తే పిట్ట వీపే కనబడుతుందనీ, ఇన్నేళ్లూ ఆఫీసువాళ్లం ఊళ్లను చూసింది అలాగేననీ నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

తర్వాత బల్ల మీద పెట్టుకునే బుల్లి స్టాండు కొన్నాడు. పొడుగు లెన్సు బరువుకు అది ముందుకు తూలి, కెమెరా మూతి బురదలో గుచ్చుకుంది. అత్తయ్య అచ్చాఫీసు గుడ్డముక్కలతో దిండు లాంటిది కుట్టి, ఇసుక నింపి ఇచ్చింది. చదును నేల మీద బాగానే ఉంది. తడినేల మీద నానిపోయి కుంగేది, పైగా కెమెరాను చేత్తో అదిమి పట్టుకోవాలి. చెయ్యి తగిలిందంటే వణుకు దానికీ అంటుకుంటుంది.

చివరికి బస్టాండు వెనక కెమెరాలు బాగుచేసే మెకానిక్కు దగ్గర తేలాం. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే మనిషి, మాట తక్కువ. మామయ్య చెప్పిందంతా విని, లోపలి నుంచి నాలుగు ట్రైపాడ్లు తెచ్చి నేల మీద పరిచాడు. మధ్యాహ్నమంతా అక్కడే గడిచిపోయింది. నడిమి కడ్డీ ఉన్న రెండూ మొదటే పక్కకు పోయాయి. మిగిలిన రెండింటికీ ఏ కాలికి ఆ కాలు విడిగా తెరుచుకుని, నేలకు అతుక్కున్నట్టు పరుచుకుంటుంది. అప్పుడు కెమెరా కూర్చునే తల జానెడు ఎత్తులోకి వచ్చేస్తుంది. ఒకటి తేలిక, మోయడానికి హాయి. దాని కాళ్లు పొడవు మార్చాలంటే మాత్రం గొట్టాన్ని మెలితిప్పాలి. మామయ్య వేళ్లు మూడుసార్లు జారాయి. నాలుగోసారి ప్రయత్నిస్తుండగా మెకానిక్కు దాన్ని తీసేసి రెండోది ముందుకు జరిపాడు. అది బరువు. దాని కాళ్లకు పిడులున్నాయి, అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే బిగుసుకుంటాయి. ఇసుక దూరినా గుడ్డతో తుడుచుకుంటే చాలన్నాడు. పైన గోళీలా అన్నివైపులా తిరిగే తల వద్దని, వదిలితే లెన్సు ధబాలున ఒరిగిపోతుందని చెప్పి, పైకీ కిందకీ పక్కకీ నిదానంగా, బిగువుగా కదిలేది బిగించాడు. బారెడు తీగ చివర ఫోటో తీసే మీట ఉన్నది ఒకటి కెమెరాకు తగిలించి, నొక్కేటప్పుడు స్టాండును ముట్టుకోవద్దన్నాడు.

మామయ్య అలవాటు కొద్దీ దాన్ని సరిచేసి, పైన తన జేబులోని నీటిబుడగ పలక పెట్టి చూసుకున్నాడు. పిట్టలు ఎక్కడ దొరుకుతాయని మాటల్లో మెకానిక్కు అడిగాడు. రాళ్లనేలంతా ఇళ్లకు చదును చేసేశారని మామయ్య చెప్పాడు. అయితే దర్జీల సందు వెనక్కి వెళ్లమన్నాడు అతను. తూము మళ్లీ కట్టినప్పుడు మిగిలిన కంకర అక్కడే వదిలేశారట, ఏటా ఒక జంట దాని మీద గుడ్లు పెడుతోందట. మామయ్య బుడగ పలక జేబులో పెట్టుకుని లేచాడు.

రెండు వారాలు ఆ స్టాండు గదిలో మూలనే ఉంది. ఆయన దాన్ని రోజూ తుడిచేవాడు, వెళ్లేవాడు కాదు. ఒకరోజు అత్తయ్య అచ్చాఫీసుకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"పిట్ట మీకోసం ఆగదండీ. గుడ్లు పగులుతాయి, పిల్లలు నడిచి వెళ్లిపోతాయి. భయపడితే భయపడ్డానని చెప్పండి. చెయ్యి సంగతి దాచినట్టు ఇది కూడా నా దగ్గర దాచకండి."

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. తర్వాత జరిగింది ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు. కంకర కుప్పకు నలభై అడుగుల దూరంలో గోనె పరుచుకుని, స్టాండు కాళ్లు నేలకు పరిచి, బోర్లా పడుకున్నాడు. తీతువు లేచి గోలపెట్టింది. వెనక కర్ర చప్పుడైంది. చూస్తే దర్జీ ఆవిడ. మామయ్య లేచి నిలబడడానికే చాలాసేపు పట్టింది.

"అమ్మా, ఆ తూము కొలత తీసింది నేను," అన్నాడు.

"తెలుసు. కాగితం రాసిచ్చింది కూడా మీరేనట కదా. అది విన్నప్పటి నుంచి, ఈ మనిషి ఒక్కసారైనా ఇటు వస్తాడేమోనని చూశాను. ఐదేళ్లు చూశాను."

ఆయన తలదించుకున్నాడు. కాలు సరిగ్గా అతకలేదని, ఇప్పుడు మిషను ఎడమకాలితోనే తొక్కుతున్నానని, వానాకాలంలో నొప్పికి నిద్ర ఉండదని ఆవిడ చెప్పింది. ఆయన అదంతా వినాలనే చెప్పింది. ఆయన విన్నాడు. ఆ తర్వాత ఆవిడ కర్రతో తన ఇంటి వైపు చూపించింది.

"అక్కడ పడుకుంటే అది బెదురుతుంది. మా పెరట్లోంచి తీసుకోండి. నన్ను రోజూ చూస్తుంది కాబట్టి ఆ వైపు నుంచి భయపడదు. క్షమించేశానని మాత్రం అనుకోకండి. అది వేరే సంగతి."

పదకొండు రోజులు పొద్దున్నే ఆ పెరట్లో, కొత్తగా కట్టిన గోడ పక్కన స్టాండు పరిచాడు. రోజుకు ఒక అడుగు చొప్పున ముందుకు జరిపాడు. పదకొండో రోజు నాలుగు గుడ్లలో మూడు పగిలాయి. తీగ చివర మీట నొక్కింది వణికే చెయ్యే. ఫోటో మాత్రం కదల్లేదు. అందులో తీతువు కన్ను మన కంటికి సూటిగా ఎదురుగా ఉంటుంది. కంకర రాళ్లు కొండల్లా ఉంటాయి. పొట్ట ఈకల కింద నుంచి రెండు సన్నటి కాళ్లు బయటికి కనబడతాయి, అవి పిల్లవి. దర్జీ ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, రోజూ చూస్తున్నా దాని కన్ను చుట్టూ ఎర్రగా ఉంటుందని తెలియదంది. ఫోటో ఉంచుకుంది.

మరో రెండేళ్లు వెళ్లాడు. తర్వాత బోర్లా పడుకోవడం కుదరలేదు. స్టూలు మీద కూర్చుని చెబుతుంటే అత్తయ్య పడుకుని తీసేది, ఆవిడ చెయ్యి గట్టిది. ఆమె తీసినవే ఎక్కువ బాగున్నాయని ఆయనే అందరికీ చూపించేవాడు. అరవై ఒకటో ఏట, ఒక మంగళవారం పొద్దున, ఆసుపత్రిలో పోయాడు. చివరి నెలల్లో మాట కూడా వణికేది, అయినా అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పేవాడు.

మూడో రోజు దర్జీ ఆవిడ కర్ర ఊతం చేసుకుంటూ అంత దూరం నడిచి మా ఇంటికి వచ్చింది. అత్తయ్య పక్కన కుర్చీ వేశాను. కూర్చున్నాక ఆవిడ, ఈ ఏడాది తీతువులు గుడ్లు ఆలస్యంగా పెట్టాయని, ఇంకో వారంలో పగలవచ్చని చెప్పింది. పొద్దున ఎన్నింటికి రమ్మంటారని అత్తయ్య అడిగింది.