చావని ఎంజైము

ఈమధ్య సబ్బులు మరీ మర్యాదస్తులైపోయాయి. రుద్దుకున్నట్టు పక్కవాడికి కూడా తెలియనివ్వవు. ఆ రోజుల్లో సబ్బు వాసన, స్నానం చేసినవాడికంటే ముందు వీధిలోకి వచ్చేది. నాకు అలాంటి సబ్బు రోజుకి రెండుసార్లు అవసరమయ్యేది. ఎందుకంటే బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి నేను సంపాదించిన మొదటి ఉద్యోగం, రాజోలు అవతల ఒక చిన్న ఫ్యాక్టరీలో చేప తలల్ని అరిగించడం. "అది కడుపు చేసే పని కదరా, దానికి ఎమ్మెస్సీ ఎందుకు?" అంది మా అమ్మ. (ఈ ప్రశ్న పరీక్షలో వచ్చి ఉంటే నేను తప్పేవాణ్ణి.)

పని నిజంగానే అంతే. చేపలు శుభ్రం చేసే కంపెనీల నుంచి తలలూ తోకలూ పేగులూ లారీలో వస్తాయి. వాటిని రుబ్బి, నీళ్లూ కొంచెం కాస్టిక్ సోడా కలిపి, ఎంజైము వేసి వెచ్చగా ఉంచితే నాలుగు గంటల్లో మాంసకృత్తులు తునాతునకలై గంజిలా పలచబడతాయి. ఆ గంజి చెరువు రొయ్యలకి మేతలోకి వెళుతుంది. అయితే ఎంజైముకి ఆగడం తెలియదు. (పెళ్లి భోజనాల్లో మా పెదనాన్నగారిలాగే.) సమయం చూసి, తొట్టిలోకి ఆవిరి వదిలి, తొంభై డిగ్రీల దాకా కాచి దాన్ని చంపాలి. చంపకుండా డ్రమ్ముల్లో నింపితే మూత కింద అది తన పని తాను చేసుకుంటూ పోతుంది, దానికి తోడు సూక్ష్మజీవులు విందుకొస్తాయి, గ్యాసు పుడుతుంది.

ఆరు నెలల ప్రొబేషను ముగిసే వారంలో మేనేజరుగారు నన్ను పిలిచారు. ఆయనది అనంతపురం వైపు. "రేపు మేత కంపెనీ ఆయన సరుకు చూసేకి వస్తాండాడు. నచ్చితే నీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే నీ దావ నీది," అన్నారు. ఆ సాయంత్రం నేను బాయిలరు చూసే మావయ్యగారికి చెప్పాను. (ఆయన యజమానిగారికి బావమరిది. ఫ్యాక్టరీ అందరికీ మావయ్యగారే.) "మావయ్యగారూ, ఆవిరి వదిలి పావుగంట ఉంచండి," అన్నాను. అటు తిరిగి ఉన్న మావయ్యగారు "ఆయ్," అన్నారు.

మా వైపు ఆయ్ అంటే విన్నాను అని. చేస్తాను అని కూడా. ఒక్కోసారి చేసేశాను అని కూడా. ఏదన్నది మొహం చూసి తెలుసుకోవాలి. నేను టీ తాగి, రికార్డు పుస్తకంలో 'తొంభై డిగ్రీలు, పదిహేను నిమిషాలు' అని అందంగా రాశాను. మేనేజరుగారు ఫోను చేసి "ఎంజైమును చంపినావా?" అని అడిగితే, మావయ్యగారి ఆయ్‌ని ఉత్తరంలా ఆయనకి అందజేశాను. "ఆయ్ అండి."

మర్నాడు డ్రమ్ములన్నీ నెలలు నిండినట్టున్నాయి. మేత కంపెనీ పెద్దమనిషి తెల్లచొక్కాలో వచ్చి, సరుకు స్వయంగా చూడాలన్న ఉత్సాహంతో, ఒక డ్రమ్ము మూత తిప్పారు. తరవాత ఆయన సరుకుని చూడాల్సిన అవసరం లేకపోయింది, అదే ఆయన దగ్గరికి వచ్చింది.

మేనేజరుగారు రికార్డు పుస్తకం తిరగేసి మావయ్యగారి దగ్గరికి వెళ్ళారు. "ఇది నువ్వు చేసిన తప్పేనా?"

"ఆయ్," అన్నారు మావయ్యగారు.

అనంతపురం చెవికి అది ఒప్పుకోలులాగే వినిపించింది. యజమానిగారి బావమరిదిని ఎవరూ ఏమీ అనలేరు కాబట్టి విచారణ అక్కడితో ముగిసింది. మేత కంపెనీ ఆయన మరో చొక్కాలో మళ్ళీ వచ్చారు, ఈసారి సరుకు బాగుంది, నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఇన్నేళ్లుగా ఈ కథని నేను మా భాష మీద జోకుగా చెప్పుకుంటూ వస్తున్నాను. ఫ్యాక్టరీలు మారాను, జుట్టు పలచబడింది, కథ మాత్రం చిక్కబడుతూ వచ్చింది. మొన్న అంబాజీపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర కొత్త కుర్రాళ్లకి చెబుతుంటే పంక్తి పంక్తంతా నవ్వింది. ఎదురు వరసలో మావయ్యగారు ఉన్నారని నేను చూసుకోలేదు. ఆయనా నవ్వేరు. పెరుగన్నం తీరిగ్గా కలుపుకున్నాక నావైపు చూశారు.

"అదంతా సరేనండి కెమిస్టుగారూ. ఆ తొట్టికి గోడగడియారమంత థర్మామీటరుండేదండి, మీరు టీ తాగే కుర్చీకి ఎదురుగానే. మీరు చూళ్ళేదా?"