వదినతో పెట్టించిన సంతకం

ఏడేళ్లుగా ఒక సంతకాన్ని మోస్తున్నాను. నాది కాదు, నేను పెట్టించింది. ఎవరికీ చెప్పలేదు. నేనేం చెప్పినా జనం నవ్వుతారు. ఇదీ జోకే అనుకుంటారని భయమో, అనుకోరని భయమో.

మా పెద్దనాన్న చిన్నకొడుకు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఎయిడ్స్‌తో పోయాడు. వదినకూ ఉందని తేలింది. హత్నూర దగ్గర అతని వాటా రెండెకరాలు విరాసత్‌లో, అంటే వారసత్వంగా, ఆమె పేరుకు మారాలి. చనిపోయినవాడి అన్న, మా పెద్దన్నకు అది గిట్టలేదు.

"ఇయ్యాలనో రేపో పొయ్యేదానికి పట్టా ఎందుకురా? నీ మాటలకైతే నవ్వుతది. సంతకం నువ్వే పెట్టియ్యి" అన్నాడు.

భూమి నాకొద్దని ఆమె రాసిచ్చినట్టు కాగితం నేనే రాశాను. ఇంట్లో డిగ్రీ చదివేది నేనొక్కడినే మరి. చదువు అలా అక్కరకొచ్చింది.

పదకొండో రోజు, దినం భోజనాలు. వదినకు పశువుల కొట్టం పక్కన విడిగా విస్తరి వేశారు. అక్కడికి వెళ్లాను.

"ఏంది తమ్మీ గిది?"

"దవాఖాన కాగితం వదినా. మందులు ముఫత్‌ల ఇస్తరట. సంతకం జెర సక్కగ పెట్టు, డాక్టరు ఫిదా కావాలె."

భర్త పోయాక మొదటిసారి నవ్విందామె. "నీ నోట్ల మన్నువడ! నువ్వు సదివినవా మరి?"

"సదివిన."

ఆమెకు పేరు రాయడమొక్కటే వచ్చు. ఒక్కో అక్షరం దిద్ది, పెన్ను నాకు చాపింది.

"నువ్వే ఉంచుకో" అన్నాను. ఆమె సంబరపడింది.

ఆమె చేతిలోంచి రెండెకరాలు తీసుకోవడానికి భయం వేయలేదు. పెన్ను తీసుకోవడానికి వేసింది. కాగితాన్ని అంచు పట్టుకుని తెచ్చి పెద్దన్నకిచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, మటన్ రెండోసారి వడ్డించుకున్నాను.

ఎందుకు చేశాను? నాకు జానెడు భూమైనా రాలేదు. పెద్దన్నంటే భయమని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. ఎవరివల్లా కానిది నా నోటివల్ల అయిందని అందరూ భుజం తడుతుంటే, ఆ కాసేపు ఆ ఇంటికి నేనే పెద్దమనిషినన్నట్టు అనిపించింది. థూ.

మూడు నెలలకు పెద్దన్న ఆ కాగితం చూపించి ఆమెను వెళ్లగొట్టాడు. అందరూ అనుకున్నట్టు ఆమె చావలేదు. పటాన్‌చెరులో కిరాయి గదిలో ఉంటూ ఏదో కంపెనీలో ఊడుస్తోంది. దవాఖాన కాగితాన్ని పెద్దన్నే మార్చేశాడని ఆమె నమ్మకం. "ఆ ఇంట్ల మంచోడంటే గా నవ్విచ్చే తమ్మి ఒక్కడే" అని కనబడిన వాళ్లందరికీ చెబుతుందట.

కాదు వదినా. అందులో ఏముందో తెలిసే పెట్టించాను. నువ్వు చదవలేవని తెలిసే ఇదీ రాస్తున్నాను. రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. అందుకూ నామీద నాకు అసహ్యంగానే ఉంది.