సీత బొమ్మ కన్ను

వీడియో కాల్‌లో నా వెనక గోడకి వేలాడుతున్న తోలుబొమ్మకి కన్ను లేదేం నాయనమ్మా అని అడిగారు కదా. చెబుతా వినండి. దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. దీన్ని కూడా దయ్యం అనను. జరిగింది చెబుతాను, అంతే.

చిలకలూరిపేట అవతల, పాట, నాట్యం, బొమ్మలు గీయడం, తోలుబొమ్మలాట నేర్పే గవర్నమెంటు హైస్కూల్లో ఆయాగా చేశాను. అక్కడ పదో తరగతి పిల్ల మస్తాన్‌బీ. అమ్మానాన్నలు మిరపకాయల కూలీలు. బొమ్మలాట పరీక్ష తప్పితే చదువు మానిపించి తొడిమలు తీసే పనికి తీసుకుపోతానని వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు.

తోలుబొమ్మకి కన్నంటే ఉలితో కొట్టే చిల్లు. వెనక దీపం పెడితే ఆ చిల్లులోంచి వచ్చే వెలుగే తెరమీద చూపు. శిష్యులు చేసిన తొలి బొమ్మకి కన్ను గురువే తెరవాలని మా బొమ్మల మాస్టారి పట్టుదల. మస్తాన్‌బీ సీత బొమ్మ చేసింది. పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి తెరుస్తానన్నారు. వారం ముందు గుండె ఆగి పోయారు.

"పిచ్చిదానా, నువ్వే పొడిచెయ్యవే. గుడ్డి బొమ్మకి మార్కులెవరేస్తారు?" అన్నాను.

"సారు తెరుస్తానన్నారు ఆయమ్మా. నేను ముట్టుకోను."

పరీక్ష రోజు పొద్దున పదకొండు గంటలు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టాం. తెర వెనక ఆ పిల్ల బొమ్మ ఆడించింది, నేను బల్బు పట్టుకున్నాను. వెనక మేమిద్దరమే, ముందువైపు ఏం కనబడుతోందో మాకు తెలీదు.

ఆట అయ్యాక, పరీక్ష చేయడానికి వచ్చినాయన తెర వెనక్కి వచ్చాడు.

"కన్ను భలే తీశావమ్మా. సీతమ్మ నావైపే చూస్తున్నట్టుంది."

బొమ్మ చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కన్నుండాల్సిన చోట బొటనవేలితో తడిమాడు. అక్కడ చిల్లు లేదు.

హెడ్మిస్ట్రెస్ గారూ తెరమీద కన్ను వెలగడం చూశానన్నారు. ముందు వరుస పిల్లలూ చూశామన్నారు. తెరకి చిల్లుందేమోనని నేను అంగుళం అంగుళం వెతికాను. పొద్దున నేనే ఇస్త్రీ చేసిన తెర, ఏమీ లేదు. మళ్ళీ బొమ్మ పెట్టించి, బల్బు వేరే పిల్లకిచ్చి, ముందుకెళ్ళి కూర్చున్నాను. కన్ను చోట నలుపే.

మస్తాన్‌బీ పాసయ్యింది. తర్వాత పైచదువుకి కూడా వెళ్ళింది. స్కూలు వదిలిపోయే రోజు ఈ బొమ్మ నా చేతిలో పెట్టి ఒక మాట అడిగింది.

"ముందు కూర్చున్నోళ్ళందరికీ చూపించారు కదా ఆయమ్మా సారు. నాకెందుకు చూపించలా?"