ఎలుకలకు పెట్టిన మందు

ఈ రోజు మధ్యాహ్నం అమ్మ కళ్లు తిరిగి కూలబడితే రెంజల్ నుంచి బోధన్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు రెండుసార్లు బీపీ చూసి, "గోలీలు ఏసుకుంటలేవా అవ్వా?" అని అడిగింది.

అమ్మ నన్ను చూపించింది. "వీడే సదివిండు గద బిడ్డా. గా గోలీ ఎలుకలకు పెట్టిండ్రట, కణాలు సస్తయట. ఎలుకల మందు నేనెట్ల మింగాలె?"

పోయిన వారం పేపర్లో ఒక పరిశోధన వార్త చదివి వినిపించాను. ఆమె వాడే బీపీ మందునే ఎలుకలకు ఇచ్చి చూస్తే, దెబ్బతిన్న చోట కణాలు చావడం తగ్గిందట. మంచి కబురని గొంతెత్తి మరీ చదివాను. 'చావడం' ఆమె చెవిన పడింది, 'తగ్గింది' పడలేదు. పైగా వడ్లు నిల్వ ఉండే ఇంట్లో ఎలుకలకు మందు పెట్టడమంటే ఒకటే అర్థం.

"గోలీలు పారేసినవా అవ్వా?" అంది నర్సు.

"ఎందుకు పారేస్త? రోజుకొకటి వడ్ల బస్తాల కాడ పెడుతున్న."

సాయంత్రం ఆమె బట్టల కోసం ఇంటికొచ్చి చూశాను. బస్తాల దగ్గర ఒక్క గోలీ లేదు. ఎలుకలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

పేపర్ చదివి వినిపించాక, ఏం అర్థమైందని మీరెవరైనా తిరిగి అడుగుతారా? నేను అడగలేదు.