పెట్రోలు మూతకు లక్క ముద్ర

కడుపులో పగ పెట్టుకున్న మనిషి పళ్లు కొరుకుతూ, కళ్లెర్రజేస్తూ తిరుగుతాడని చాలామంది అనుకుంటారు. లింగంపల్లి స్టేషన్ ఎదుట మోటారు షెడ్డు పెట్టుకున్న వీరేశాన్ని చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోవాలి. నవ్వు మొహం, నెమ్మది మాట, నూనె మరకల నిక్కరు. లోపల మాత్రం పన్నెండేళ్ల నాటి నిప్పు బూడిద కింద భద్రంగా ఉంది. దాన్ని ఆరిపోనిచ్చే రకం కాదు అతను.

సికింద్రాబాద్ మిలిటరీ మోటారు షెడ్డులో ఎనిమిదేళ్లు పని నేర్చినవాడికి పట్నంలో పని దొరక్క కాదు. ఏరి కోరి ఇక్కడే, స్టేషన్ ముందున్న రాతి తొట్టి పక్కనే షెడ్డు వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఎడ్లకు నీళ్లు తాపెటందుకు అందరు గీడనే ఆగుతరు గద, గిరాకి బాగుంటది" అనేవాడు. అది అబద్ధం. ఆ తొట్టి దగ్గరే అతని తండ్రి రాజయ్య నెత్తురు కక్కుకుని పడిపోయాడు.

రాజయ్యది మాదాపూర్. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఆ నేలలో అప్పుడు బండరాళ్ల మధ్య జొన్నచేలుండేవి. చేలన్నీ వెంకటనారాయణ దొరవి. రాజయ్య ఆయన కల్లంలో కావలి మనిషి. నూర్చిన జొన్నలు రాశి పోశాక, ఎవరూ గింజ తియ్యకుండా రాశి మీద అక్కడక్కడా తడిమట్టి అద్ది, గుర్రం తల చెక్కిన ముద్ర గుద్దేవారు. దొర వచ్చి చూసేదాకా ముద్ర చెదరకూడదు. చెదిరితే కావలివాడు దొంగ. అంతే, దానికి విచారణ లేదు. ఆ ఏడు పొడిగాలి కొట్టింది. మట్టి ఎండింది, రాశి కుంగింది, గుర్రం తల రెండుగా చీలింది.

"నీ బాంచెన్ దొరా, నేను ముట్టలే. దానంతట అదే పలిగింది" అని రాజయ్య కాళ్ల మీద పడ్డాడు.

"ముద్ర దానంతట అదే పలుగుతదారా?" అని దొర నవ్వాడు.

ఆ రోజు దొర రైలుకు పోవాలి. ఆయన ఎడ్ల బండి ముందు వెట్టివాడొకడు దారి తప్పుకోండని అరుస్తూ పరుగెత్తడం ఆనవాయితీ. ఆ పూట జ్వరంతో కాలిపోతున్న రాజయ్యను పరుగెత్తమన్నాడు. దారి తప్పుకోమని కాదు, 'నేను దొంగను' అని అరుస్తూ పరుగెత్తమన్నాడు. మాదాపూర్ నుంచి లింగంపల్లికి రెండున్నర కోసులు, అంటే అయిదు మైళ్లు. బండి వెనక ఏడుస్తూ ఉరికిన పన్నెండేళ్ల వీరేశం అదంతా కళ్లారా చూశాడు. తొట్టి దగ్గర పడిన రాజయ్య మళ్లీ మంచం దిగలేదు. రెండు నెలలకు పోయాడు.

మనిషి పోయాడు గానీ మాట పోలేదు. రాజయ్య భార్య నీలమ్మ కూలికి వెళ్తే, "ముద్ర పలగ్గొట్టినోని పెండ్లామొచ్చింది, గింజలు భద్రం" అనేవారు. పక్కింటి వాళ్లు కూడా అనేవారు. చివరికి ఆమె ఊరు విడిచి కొడుకు దగ్గరికి వచ్చేసింది. "నాయిన దొంగ గాదని దొర నోటితోనే అనిపిస్త అవ్వా" అని వీరేశం తల్లికి మాటిచ్చాడు. ఎట్లా అనిపిస్తాడో అతనికే తెలియదు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు నెలలకు, ఎండలు ముదిరే వేళ, దొర కొత్తగా చిన్న కారొకటి కొన్నాడు. వెట్టి రద్దయిందని అప్పటికే దండోరా వేశారు. బండి ముందు ఉరికేవాళ్లు కరువయ్యారు. దొర మీసం కొంచెం దిగింది గానీ మనసు దిగలేదు. ఆకుపచ్చ కారు, రెండే తలుపులు. దొర ఎక్కగానే ఒక పక్కకు ఒరిగి మూలిగేది.

పక్షం తిరక్కుండానే ఆ కొత్త కారును రెండు ఎడ్లు షెడ్డు దాకా లాక్కొచ్చాయి. డ్రైవరు రామన్న తల దించుకుని పక్కన నడిచాడు. దొర దిగి వీరేశాన్ని చూశాడు, గుర్తుపట్టలేదు. దొరలకు మన మొహాలు గుర్తుండవు. మనకు వాళ్ల చెప్పుల చప్పుడు కూడా గుర్తుంటుంది.

"కొత్త బండిరా. నల్ల పొగ కక్కుతున్నది. పెట్రోలు నీళ్లు తాగినట్టు తాగుతున్నది. గీ రామన్నగాడు అమ్ముకుంటున్నడని నా అనుమానం."

పెట్రోలు చీటీల మీద దొరికే రోజులు. అనుమానం పుట్టడానికి ఎక్కువ సమయం పట్టదు. వీరేశం కారు లోపలికి తొంగి చూసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. పొద్దున చల్లటి ఇంజన్‌ను లేపడానికి లాగి, అది వేడెక్కగానే లోపలికి నెట్టాల్సిన చోక్ గుబ్బకు దొరగారు తమ ఆకు వక్కల సంచి తగిలించుకున్నారు. గుబ్బ లోపలికి పోయే దారే లేదు. పొగ రాక ఏం చేస్తుంది, పెట్రోలు తాగక ఏం చేస్తుంది?

"తక్లీబు చిన్నదే దొరా. గా సంచి గీడ తగిలియ్యకున్రి. రామన్న తప్పేం లేదు."

"అంటే తప్పు నాదారా?" అన్నాడు దొర.

మర్నాడే రామన్నను దొంగ అని పనిలోంచి తీసేశాడు. సంచి మాత్రం సీటు మీదికి మారింది. ఆ సంగతి విన్న రోజు వీరేశానికి అన్నం సయించలేదు. నిజం తీసుకెళ్లి చేతిలో పెట్టినా ఈ మనిషి పుచ్చుకోడు. కదలడానికి సందు లేకుండా మూలకు తోస్తే తప్ప ఒప్పుకోడు. ఆ పాఠం మనసులో రాసుకుని, రామన్నను తన షెడ్డులో పనికి పెట్టుకున్నాడు.

డ్రైవరు లేని దొర అవసరమైనప్పుడల్లా వీరేశాన్నే పిలిపించేవాడు. అట్లా వెళ్లిన మొదటిసారే కారు కోసున్నర నడిచి నిలిచిపోయింది. కాసేపు ఊరుకుంటే లేచింది, మళ్లీ ఆగింది. దిగి వెనక్కి వెళ్లిన వీరేశం అక్కడే బిగుసుకుపోయాడు. పెట్రోలు మూత చుట్టూ గుడ్డ చుట్టి, మీద లక్క పోసి, ముద్ర గుద్ది ఉంది. గుర్రం తల.

"ఇగ పెట్రోలు చుక్క పోదు" అన్నాడు దొర, గొప్పగా. "మన ఎల్లేశం యేసిండు." ఎల్లేశం అంటే ముద్రలు గుద్దే ముసలివాడు. రాశి మీద గుద్దినవాడూ అతనే.

జబ్బేమిటో వీరేశానికి ఆ క్షణమే తెలిసింది. మూతకు ఆవగింజంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గుతుంటే ఆ దారిన గాలి లోపలికి పోవాలి. లక్క దాన్ని మూసేసింది. గాలి అందని ట్యాంకు పెట్రోలును పట్టుకుని కూర్చుంటుంది, ఇంజన్ ఎండి ఆగుతుంది. ఇంకొకటి కూడా కనిపించింది. ఎండకు మెత్తబడ్డ లక్క లోపలి గుంజుడుకు నడుమ కొద్దిగా కుంగి ఉంది. ఇంకొంచెం దూరం పోతే చిట్లుతుంది. దానంతట అదే చిట్లుతుంది.

"ఏమైందిరా?"

"కొత్త బండి గద దొరా, జర అలవాటు పడాలె" అన్నాడు చల్లగా.

ఆ పైన అదను కోసం కాచుకుని కూర్చున్నాడు. అదను దొర నోటినుంచే వచ్చింది. గురువారం నాడు సంగారెడ్డి కచేరిలో భూముల పంచాయితీ ఉంది, పగలు మూడింటిలోగా స్వయంగా హాజరు కావాలి, రాకపోతే తీర్పు ఎదుటివాళ్లకే. సంగారెడ్డి దారి లింగంపల్లి మీదుగానే. గురువారం లింగంపల్లిలో సంత.

ఆ పొద్దున చావడి ముందు ఊరు చూస్తుండగా ట్యాంకు నిండా పోయించి, ఎల్లేశంతో కొత్త ముద్ర వేయించాడు దొర. "గీ ముద్ర పలిగితే నీ తోలు ఒలుస్త" అని వీరేశాన్ని హెచ్చరించాడు.

"మంచిది దొరా. నేను స్టీరింగు ఇడువ. ఎల్లేశం తాతను గూడ తోలుకపోదాం, ముద్ర మీద కన్నేసి ఉంటడు."

దొరకు ఆ మాట నచ్చింది. ముసలివాణ్ణి వెనక సీట్లో కుక్కారు. కారు కొండాపూర్ దాటి, లెక్కపెట్టినట్టే కోసున్నర దగ్గర దగ్గి ఆగింది. దొర దిగి ముందు ముద్ర చూసుకున్నాడు. చెక్కుచెదరలేదు. కాసేపటికి ఇంజన్ లేచింది గానీ, వీరేశం తల అడ్డంగా ఊపాడు.

"బరువు గుంజుతలేదు దొరా. మీరిద్దరు దిగి నడిస్తే మెల్లగ షెడ్డు దాక తీస్కపోత. ఆడ బాగుచేసి సంగారెడ్డికి ఉరికిద్దాం."

కారుకు బరువుతో ఏ పేచీ లేదు. అంత తియ్యని అబద్ధం వీరేశం జన్మలో ఆడలేదు.

"ఎల్లేశం, నువ్వు ఎనకనే నడువు. ముద్ర మీంచి కన్ను తియ్యకు. ముట్టకు" అని దొర ఆజ్ఞాపించి, తాను ముందు నడిచాడు. వెనకాల నడిస్తే దుమ్ము కొడుతుంది కదా. అట్లా ముందు దొర, ఆయన వెనక కారు, కారు వెనక ఎల్లేశం. ఒక కోసు దూరం. తారు లేని బాట, నడినెత్తి ఎండ. సంతకు గంపలెత్తుకుని పోయేవాళ్లు పక్కకు జరిగి నోళ్లు తెరిచి చూశారు. దొర నడక మందగించినప్పుడల్లా వీరేశం హారన్ మోగించాడు. దొర ఉలిక్కిపడి అడుగు పెంచేవాడు.

"బండి ముందట ఉరికేది ఎవరే?" అని ఒక ముసలమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"మన దొరనే గదవ్వా!" అన్నారెవరో, ఫక్కున నవ్వారు.

వీరేశం నవ్వలేదు. జాలి కలిగిందా అంటే, లేదు. ఈ బాట ఇంకో పది కోసులుంటే ఎంత బాగుండునని మాత్రం అనిపించింది.

లింగంపల్లి చేరి దొర రాతి తొట్టి అంచున కూలబడ్డాడు. పెదవులు ఎండి, చొక్కా వీపుకు అతుక్కుంది. షెడ్డులోంచి రామన్న, నీలమ్మ బయటికొచ్చారు. సంత జనం మూగారు. వాళ్లలో సగం మంది మాదాపూర్ వాళ్లే. అప్పుడే ఎల్లేశం గావుకేక పెట్టాడు.

"దొరా, ముద్ర పలిగింది!"

దొర ఎగిరి లేచాడు. "ఎవడు ముట్టిండు?"

"ఎవరు ముట్టలే దొరా. మీరు చెప్పినట్టే కన్ను తియ్యలే. నా కండ్ల ముందట్నే చిటుక్కుమన్నది."

"గీ వీరేశంగాడు?"

"స్టీరింగు ఇడువలే దొరా. తొవ్వ పొడుగున జనం చూసిన్రు."

గుర్రం తల మెడ దగ్గర రెండుగా చీలి ఉంది. వీరేశం నిదానంగా కారు దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రోగం గా మూతలనే ఉన్నది దొరా, నిమిషంల పోతది. కని ముద్ర పలిగిన మూతను నేను ముట్ట. పలగ్గొట్టినోడు దొంగ, మీరు పెట్టిన కట్టుబాటే. ముందుగాల దొంగెవరో చెప్పున్రి. నేనా? ఎల్లేశం తాతనా? మీరా?"

దొర చుట్టూ చూశాడు. ఒకప్పుడు ఆయన కన్నెత్తితే తలలు దించిన జనం ఇప్పుడు కళ్లార్పకుండా చూస్తున్నారు. తలెత్తి పొద్దు చూశాడు. కచేరి వేళ కరిగిపోతోంది.

"ఎవరు పలగ్గొట్టలే" అన్నాడు గొంతు తగ్గించి. "దానంతట అదే పలిగింది."

"జర గట్టిగ చెప్పున్రి దొరా. మా అవ్వకు చెవులు వినపడవు."

నీలమ్మ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

"దానంతట అదే పలిగింది!" అని దొర అరిచాడు.

"మా నాయిన గూడ గదే మాట చెప్పిండు" అన్నాడు వీరేశం. "కల్లం కావలి రాజయ్య. గీ తొట్టి కాన్నే పడ్డడు. నేను ఆయన కొడుకును."

ఎల్లేశం మొహం పక్కకు తిప్పుకున్నాడు. నీలమ్మ నాలుగడుగులు ముందుకొచ్చి దొర ఎదురుగా నిలబడింది.

"గీ మాట పన్నెండేండ్ల కింద అంటే నా పెనిమిటి బతికేటోడు దొరా" అంది. ఏడవలేదు.

వీరేశం మూత విప్పాడు. ట్యాంకు స్స్‌స్ అని ఒక్క గుక్కలో గాలి పీల్చింది. గుడ్డ ఊడదీసి, లక్క గీకి, రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పి, మూత బిగించాడు. వక్క కొరికినంత సేపు పట్టలేదు. ఇంజన్ లేపి చూపించాడు. ఆరోగ్యంగా మోగింది.

"గింతేనా?" అన్నాడు దొర, పాలిపోయి.

"గింతే."

"నడువు మరి. ఎక్కు."

"నేను మెకానిక్కును దొరా, బాగుచేసిన. తోలుడు నా పని గాదు. గాడ ఉన్నడు డ్రైవరు, అడుగున్రి" అని రామన్న వైపు చూపించాడు.

రామన్న చేతులు తుడుచుకుని, "నేను పెట్రోలు దొంగను గద దొరా. కారు నా చేతికెట్ల ఇస్తరు?" అన్నాడు.

నిగనిగలాడే కొత్త కారు చక్కగా మోగుతూనే ఉంది, దాన్ని నడపడం రాని దొర దాని పక్కనే నిలబడ్డాడు. చివరికి ఎవరిదో ఎడ్ల బండి మాట్లాడుకుని బయల్దేరాడు. సంగారెడ్డి చేరేసరికి కచేరి తలుపులకు తాళాలు పడ్డాయి.

నీలమ్మకు అవేవీ పట్టలేదు. వంగి, రాలిన లక్క ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేసుకుని, కొడుకు పిలుస్తున్నా ఆగకుండా మాదాపూర్ బాట పట్టింది. ఆ సాయంత్రం ఊళ్లో ఆమె తొక్కని గడప లేదు. ప్రతి గడప ముందూ ముడి విప్పి, రెండు ముక్కలైన గుర్రం తలను చూపించి ఒకటే మాట చెప్పింది.

"నా రాజయ్య దొంగ గాదు. దొర ఒప్పుకున్నడు."