మా రష్యన్ మేడం ప్రయాణం

మొన్న చిక్కడపల్లిలో కూరగాయలు కొంటుంటే పక్కింటాయన ఎదురై, కూతురికి రష్యాలో డాక్టరు సీటు వచ్చిందని సంబరంగా చెప్పాడు. మరి భాష సంగతేమిటని అడిగాను. "ఫోన్ల మాట్లాడితే అదే రష్యన్ల చెప్తదక్కా, గా భాషకు పరేషాన్ ఏమున్నది?" అన్నాడు. నిజమే, ఆ పరేషానంతా మా రోజుల్లోనే అయిపోయింది.

నేను రష్యన్‌లో ఎమ్మే చేసి పరిశోధనకు చేరిన కొన్నాళ్లకే సోవియట్ దేశం ముక్కలైంది. ఉద్యోగాలొస్తాయని చేరిన తోటివాళ్లు ఒక్కొక్కరే జారుకుని బ్యాంకు పరీక్షలకు కూర్చుంటే, నేను మాత్రం పట్టిన కుందేటికి మూడే కాళ్లని మిగిలాను. మాకు మిగిలిన ఒకే ఒక గైడు అక్కడి నుంచి వచ్చిన మేడం. ఆమె అశోక్‌నగర్‌లో మేడమీద గది కిరాయికి తీసుకుని ఉండేది. సాయంత్రాలు నారాయణగూడ నుంచి నడిచి వెళ్లి నేను రాసినవి చదివి వినిపిస్తే, ప్రతి తప్పుకూ నొచ్చుకుంటూనే పాలు లేని చాయ్ పోసేది. ఆమెను పంపిన దేశమే లేకపోయాక జీతం ఆగింది, తిరిగి రమ్మని కబురొచ్చింది. నా థీసిస్ అప్పటికి సగమే అయింది. ఆమె పోతే దాన్ని దిద్దేవాళ్లు ఈ ఊళ్లో మరొకరు లేరు. ఆమెను ఇక్కడే ఉంచమని కనపడిన ప్రతి ఆఫీసు గడపా తొక్కాను, బతిమాలాను, ఏడ్చాను. ఎవరికీ పట్టలేదు.

ప్రయాణం నాడు పెట్టెలు దించడానికి మా నాన్న కూడా వచ్చాడు. కింద ఆటో హారన్ కొడుతుంటే, మేడం అందరినీ కూర్చోమని సైగ చేసి, తనూ పెట్టె మీద కూర్చుంది. బయలుదేరే ముందు అలా కాసేపు మౌనంగా కూర్చోవడం వాళ్ల ఆచారం. నాన్నకు అది తెలియదు కదా, "ఎవరన్న తుమ్మిన్రా బిడ్డా?" అని మెల్లగా అడిగి, లేచి కూజాలో నీళ్లు ముంచి ఆమె చేతికిచ్చాడు. ఎందుకని అడక్కుండా ఆమె తాగింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఎవరైనా నిజంగానే తుమ్మితే ఇంకాసేపు ఆగుతుంది గదా అని పిచ్చిదానిలా ఎదురుచూశాను. ఎవరూ తుమ్మలేదు. మేడం లేచింది.

థీసిస్ అక్కడే ఆగిపోయింది, నేను ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేరి రిటైరయ్యాను. ఇప్పటి పిల్లలకు భాష జేబులోనే ఉంటోంది. ఒక మనిషి ఊరు విడిచిపోతే భాష కూడా పోతుందన్న భయం వాళ్లకు లేదు, మంచిదే. నాకు మాత్రం ఆ భాషంటే ఆమె ఒక్కతే. ఆ రోజు ఆటో మలుపు తిరిగాక, గుండెలోని దుఃఖమంతా రష్యన్‌లోనే తన్నుకొచ్చింది. పక్కనున్న నాన్న ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, నేను ఆగేదాకా వింటూ నిలబడ్డాడు.