పారాణి పూసిన వెనక దీపం

నా చిన్నప్పుడు, పందొమ్మిది వందల యాభై ఎనిమిది డిసెంబరు ఇరవై తొమ్మిది, సోమవారం, తెల్లవారి ఐదున్నర గంటలకు, మా నాన్న నడుపుతున్న కారు వెనక దీపానికి అద్దం లేదని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. గంట రైసు మిల్లు కూతను బట్టి చెబుతున్నాను. తేదీ ఆ కారులో మాతో వచ్చిన పెద్దమ్మగారి ఆసుపత్రి చీటీ మీద ఉంది. పట్టుకోమని నా చేతికిచ్చి ఆవిడ మళ్ళీ అడగలేదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని నేను మొదట కూడబలుక్కుని చదివిన కాగితం అదే.

మా నాన్న బంటుమిల్లి దగ్గర మా ఊరి ఆసామి గారి కారు డ్రైవరు. యుద్ధానికి ముందు నాటి నల్ల కారు అది. షెడ్డు కావాలంటే బందరు వెళ్ళాలి కాబట్టి మరమ్మతులన్నీ ఆయనే చేసుకునేవాడు. పెట్రోలు టాంకు కారితే బట్టల సబ్బు పిసికి అద్దేవాడు. ఫ్యాను బెల్టు తెగితే నులకతాడు పేని వేసి ఇల్లు చేర్చేవాడు. కారుతో వచ్చిన వెనక దీపం మిణుగురంత ఉండేది. చలికాలపు మంచులో, కాలువగట్టు రోడ్డు మీద అది చాలదని, పాత సామాన్ల కొట్లో రైలు లాంతరు తాలూకు గుండ్రటి ఎర్ర అద్దం సంపాదించి, దాన్ని పాలపొడి డబ్బాకు బిగించి, లోపల పెద్ద బల్బు పెట్టాడు. ముందు తెలుపు, వెనక ఎరుపు, మంచులో అవతలి బండివాడితో మనం ఆడగలిగిన మాట అదొక్కటేనని చెప్పేవాడు. ఆ డబ్బా దీపం అంటే ఆయనకు ఎంత గొప్పో చెప్పలేను.

ఆ అద్దం నేను పగలగొట్టాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కారు కడుగుతుంటే ఇత్తడి చెంబు చెయ్యి జారి తగిలింది. ముక్కలు కాలువలో పారేశాను. చెబితే నాన్న కొడతాడని కాదు. ఆయన ఎప్పుడూ కొట్టలేదు. ఆ డబ్బా వంక చూసి ఆయన మొహం ఎలా అవుతుందో, అది చూడలేకపోయాను.

పక్కింటి అక్క వాళ్ళ ఇంట్లో ఆ రోజు పేరంటం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకుంటోంది. మా ఇళ్ళల్లో పారాణి పెట్టుకునే అలవాటు లేదు. అయినా అడిగితే, ముచ్చటపడుతున్నాను కాబోలనుకుని కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చింది. క్రిస్మస్ బట్టలు చుట్టి ఇచ్చిన పల్చటి కాగితం గుండ్రంగా కత్తిరించి, పారాణి మూడు పూతలు పూసి, ఆరబెట్టి, అన్నం మెతుకులతో డబ్బా అంచుకు అంటించాను. సాయంత్రం నాన్న దీపం వేసి, వాకిట్లోంచి చూసి, వెలుగుతోందని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. మంచు సంగతి నాకు తోచలేదు.

తెల్లవారి ప్రయాణం ఆసామి గారి తల్లికి కంట్లో పొర తీయించడానికి. అందరూ పెద్దమ్మగారనే పిలిచేవాళ్ళు. కుప్పనూర్పిళ్ళ రోజులు, ఇంట్లో ఎవరికీ తీరిక లేక ఆవిడకు తోడుగా నన్ను ఎక్కించారు. క్రిస్మస్‌కు కుట్టించిన ఎర్ర పావడా కట్టుకున్నాను. పారాణి అంటిన అరచేతులు ఆ పావడా మడతల్లో దాచుకున్నాను.

కారు గట్టు ఎక్కేసరికి మంచు పాలలా కమ్మేసింది. ఎడమ చేతి పక్క కాలువ ఉందని తెలుసు, కనబడదు. నాన్న తల బయటికి పెట్టి కుడివైపు రోడ్డు అంచు చూసుకుంటూ నడుపుతున్నాడు. పెద్దమ్మగారికి దారి పొడుగునా ఏది కనబడితే అది చెప్పాలి, అది ఆవిడ పద్ధతి. కొంగ అంటే కొంగ, తాటిచెట్టు అంటే తాటిచెట్టు. ఆ రోజు చెప్పడానికి ఏమీ లేదు. నేను వెనక కిటికీలోంచి చూస్తున్నాను. మా వెనక మంచు మీద ఎర్రటి వెలుగు గుండ్రంగా పడుతోంది.

పెదన ఇంకా దూరం ఉండగా ఆ ఎరుపు పల్చబడడం మొదలైంది. పారాణి తడిసి కారిపోతోంది. గులాబీ రంగయింది. తర్వాత గంజినీళ్ళ రంగయింది.

"ఏమే పిల్లా, అస్తమానం వెనక్కే చూస్తున్నావు. ఏముందే అక్కడ?" అంది పెద్దమ్మగారు.

"దీపం అండీ. ఎర్రగా ఉందండీ."

అబద్ధం. ఆవిడ చెయ్యి చాపి నా చెయ్యి వెతికి పట్టుకుంది. నా వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. అంతలో మా వెనక ఎక్కడో దూరంగా హారన్ వినబడింది. బందరు వెళ్ళే మొదటి బస్సు. మెతుకులు నానిపోయి కాగితం ఊడిపోయింది. మంచు మీద తెల్లటి వెలుగు పడింది.

"నాకు కళ్ళు లేవే," అంది ఆవిడ మెల్లగా. "నువ్వేం చెబితే నాకదే ఉన్నట్టు. ఇప్పుడు చెప్పు, ఎట్లా ఉంది?"

"తెల్లగా ఉందండీ," అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. చెంబు, అద్దం, పారాణి, మెతుకులు, అన్నీ ఒక్క ఊపిరిలో ఏడుస్తూ నాన్న వీపుతో చెప్పేశాను.

నాన్న వెనక్కి తిరగలేదు. కారు కుడివైపు పొలాల అంచుకు లాగి ఆపి, తలుపు తీసి, చేతులు పైకెత్తి కేకలు పెడుతూ బస్సుకు ఎదురు పరుగెత్తాడు. మంచులో రెండు అడుగులు వేశాడో లేదో కనబడకుండా పోయాడు. బ్రేకుల చప్పుడు, కంకర రాలిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు. ఇప్పటికీ ఒక్కోసారి అది చెవుల్లో ఉంటుంది.

"ఎవడయ్యా నువ్వు! ఎదురొస్తున్నావా, ముందు పోతున్నావా?" బస్సు డ్రైవరు గొంతు. "తెల్ల దీపం చూసి ఎదురొస్తున్నావనుకుని కాలువ పక్కకి తిప్పేశాను! దిగి చూడు చక్రం ఎక్కడుందో!"

"తప్పు మాదేనండీ," అంది మా నాన్న గొంతు. పిల్లది అనలేదు. మాది అన్నాడు.

బస్సు ముందు చక్రం గట్టు అంచుకు మూరెడు దూరంలో ఆగిందట.

నాన్న తిరిగి వచ్చి ఎర్ర గుడ్డ ఏదైనా ఉందా అని అడిగాడు. "నా పావడా ఎర్రదే," అన్నాను. వెంటనే పెద్దమ్మగారు చేత్తో తడిమి, కింది అంచు పళ్ళతో కొరికి, రెండు చేతులా చర్రున చింపి నాన్నకిచ్చింది. ఆయన దాన్ని డబ్బా మీద ఒకే పొర బిగించి ఇనపతీగ చుట్టాడు. దీపం మళ్ళీ ఎర్రబడింది. టార్చి పట్టుకుని వచ్చిన బస్సు కండక్టరు అది చూసి, "దీపానికి పావడా కట్టావేంటి బావా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?" అన్నాడు. నాన్న నవ్వాడు. తీగ మాత్రం ఆయన చేతిలోంచి రెండుసార్లు జారింది.

బందరు దాకా ఆ బస్సు మా పావడా ముక్కనే చూసుకుంటూ మెల్లగా మా వెనకే వచ్చింది. పెద్దమ్మగారి కంటి ఆపరేషన్ ఆ రోజే అయింది.

నాన్న నన్ను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కారు తీయబోతూ నన్ను పిలిచి, చుట్టూ తిరిగి అన్నీ చూసి నోటితో చెప్పమన్నాడు. బాగున్నా చెప్పాలి, పాడైనా చెప్పాలి. "నువ్వు చెప్పేదాకా ఇంజను తిప్పనమ్మా," అన్నాడు. నేను అత్తగారింటికి వెళ్ళేదాకా అలాగే జరిగింది. అంత పని చేసినదాన్ని పట్టుకుని తన కళ్ళు నా చేతిలో పెట్టాడు. దెబ్బలైతే మర్చిపోయి ఉండేదాన్ని.

ఇప్పుడు మా మనవడి కారైనా సరే, ఆటో అయినా సరే, వెనక్కి వెళ్ళి ఎరుపు చూశాకే ఎక్కుతాను. ముసలిదానికి చాదస్తం అంటారు. అననీ. ఏదైనా పగిలితే మాత్రం, పనమ్మాయి చేతిలో గ్లాసయినా, నాకిచ్చిన మాటయినా, ఎవరు పగలగొట్టారని అడగను. పగిలిందని చెప్పినందుకు ముందు మంచినీళ్ళిస్తాను.

ఆ రోజు ఆ గట్టు మీద ఉన్నది మా నాన్న, పెద్దమ్మగారు, నేను, ఆ బస్సు డ్రైవరు, బావా అని పిలిచిన కండక్టరు. ఇంకా బస్సు నిండా జనం. పెదన సంతకు వెళ్ళేవాళ్ళో, బందరు కోర్టుకు వెళ్ళేవాళ్ళో, ఒళ్ళో పిల్లల్ని పడుకోబెట్టుకున్నవాళ్ళో, వాళ్ళ మొహాలు నేను చూడలేదు. సగం మంది నిద్రలో ఉండి ఉంటారు. బస్సు ఎందుకాగిందో కూడా వాళ్ళకు తెలిసి ఉండదు.